వుజూ నీరు, ఇబ్రహీంపట్నం బూడిద

2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఫజ్ర్ నమాజు ముగించుకొని మేము మెట్లు దిగబోతే ఆఖరి మెట్టు కనిపించలేదు. అక్కడ నీరు నిలిచి ఉంది. బుడమేరు గట్లు తెగి, విజయవాడ ఉత్తరపు పేటల మీదికి వరద మళ్ళిందన్న వార్త మాకు తరువాత అందింది. నీరు మాత్రం వార్తకంటే ముందే వచ్చింది. జుహ్ర్ వేళకు మా మద్రసా కింది అంతస్తు తరగతి గదుల్లో నడుములోతు నీరు. అందిన గ్రంథాలను అందినట్టే పైకి చేరవేశాము. అరవై రెండు మంది విద్యార్థులు, నలుగురు ఉపాధ్యాయులు, ఒక వంటమనిషి పై అంతస్తులో చిక్కుకున్నాము. పేటంతటికీ కరెంటు తీసివేశారు. మునిగిన ఇళ్ళలో తీగలు ప్రాణాలు తీస్తాయి గనుక అలా తీసివేయడమే సరైన పని. కాని కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే బోరు నీరు ట్యాంకుకు ఎక్కదు. మరుసటి రోజు మధ్యాహ్నానికి ట్యాంకు అడుగంటింది.

అప్పుడు పన్నెండేళ్ళ విద్యార్థి ఒకడు మా దగ్గరకు వచ్చి, "హజ్రత్, చుట్టూ ఇంత నీరు పెట్టుకొని తయమ్ముమ్ చేస్తే చెల్లుతుందా?" అని అడిగాడు.

ముప్పై ఏళ్ళుగా శుచిత్వ అధ్యాయం బోధిస్తున్న మాకు జవాబు తెలియకపోలేదు. మురుగు కలిసి రంగు, వాసన మారిపోయిన నీరు ఎంత ఉన్నా వుజూకు పనికిరాదు. శుభ్రమైన నీరు కొద్దిగానే ఉండి, అది తాగడానికి అవసరమైతే, దాన్ని దాచుకొని తయమ్ముమ్ చేయడం ధర్మసమ్మతమే. ఈ సంగతులు వాడికి వివరించాము. అయితే ఆ సాయంత్రం వాన మళ్ళీ అందుకుంది. డాబా మీద పరచిన టార్పాలిన్ల నుంచి బకెట్లలోకి నీరు పట్టాము. మనిషికి ఒక లోటా చొప్పున వుజూకు పంచాము. అరవై రెండు మందీ ఒక్కొక్క లోటాతోనే ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కున్నారు. ఎవరి మోచేయీ పొడిగా మిగలలేదు. తరువాత డ్రోన్లు, పడవలు ఆహార పొట్లాలు, నీటి సీసాలు తెచ్చేవరకూ ఇలాగే గడిచింది.

దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ, ఒక సా నీటితో గుసుల్ చేసేవారని ప్రామాణిక హదీసుల్లో ఉంది. సా అంటే నాలుగు ముద్‌లు. ముద్ పరిమాణం విషయంలో హిజాజ్ లెక్క ఒకటి, ఇరాఖ్ లెక్క ఒకటి. మేము ఈ భేదం మీద తరగతిలో గంటసేపు చర్చ నడిపిస్తాము. ఏ లెక్క తీసుకున్నా ముద్ అన్నది ఒక లీటరుకు కాస్త అటో ఇటో మాత్రమే. ముప్పై ఏళ్ళు రత్‌లులు, దిర్‌హములు లెక్కవేయించిన మేము, మా వుజూఖానాలో ఒక మనిషి నిజంగా ఎంత నీరు వాడుతున్నాడో ఒక్కసారీ కొలిచి చూడలేదు. ఆ కొలత మా చేత వరద చేయించింది. సిగ్గుపడవలసిన మాట మరొకటి ఉంది. నీరు తీసింది, బురద ఎత్తిపోశాము, గోడలకు సున్నం కొట్టించాము, కరెంటు వచ్చింది, కొళాయిలు తిరిగాయి. నెల తిరగకముందే లోటా సంగతి అందరమూ మరచిపోయాము.

ఆ చలికాలంలో ఒక హాజీ సాహెబ్ మద్రసాకు వచ్చారు. వరదలో పిల్లలు చీకట్లో గడిపారని విని ఆయన మనసు కరిగింది. డాబా మీద పది కిలోవాట్ల సోలార్ పానెళ్ళు పెట్టిస్తానన్నారు. సదఖయె జారియాగా మిగిలిపోవాలనీ, తల్లిదండ్రుల పేర్లతో ఒక ఫలకం ఉంటే బాగుంటుందనీ కోరారు. మా కమిటీ సదర్ సాహెబ్ సంతోషానికి అవధి లేదు. మేమూ సంతోషించాము. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాము: ఈ సొమ్ము జకాత్ నుంచి కాకూడదు. మా ఫిఖ్హ్ ప్రకారం జకాత్ పేదవాడి చేతికి యాజమాన్యంతో సహా చేరాలి. కట్టడాలకూ యంత్రాలకూ నేరుగా ఖర్చు పెట్టడం కుదరదు. ఆయన, "నాకు తెలుసు మౌలానా, ఇది వేరే సొమ్ము" అన్నారు.

పానెళ్ళ సంగతి చూడమని మా పాత శిష్యుణ్ణి ఒకణ్ణి పిలిపించాము. మా వద్దనే హిఫ్జ్ పూర్తి చేసి, తరువాత పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, ఇప్పుడు ఇళ్ళ మీద పానెళ్ళు బిగించే పనిలో ఉన్నాడు. మేము అతణ్ణి నేటికీ హాఫిజ్ అనే పిలుస్తాము. వచ్చినవాడు డాబా ఎక్కకుండా ముందుగా కరెంటు బిల్లులు అడిగాడు. తరువాత ఒక కాగితం, పెన్సిలు తీసుకొని గదులన్నీ తిరిగాడు. మాకు కొంచెం చిరాకే కలిగింది. పానెళ్ళు పెట్టమంటే ఫ్యాన్లు లెక్కపెడుతున్నాడేమిటని సదర్ సాహెబ్ గొణిగారు.

"హజ్రత్, వరద వస్తే వెలుగు కోసమే కదా ఈ పానెళ్ళు?" అని అడిగాడు హాఫిజ్.

"అంతే కదా బేటా."

"అయితే మీరు అనుకున్న రకం పానెళ్ళు ఆ రోజు పనిచేయవు."

మేము నమ్మలేదు. ఎండ ఉంటే పానెల్ పనిచేయకపోవడమేమిటి? అతడు ఓపికగా చెప్పాడు. చాలామంది ఇళ్ళ మీద పెట్టించుకునేవి ఊరి లైనుతో కలిసి నడిచే పానెళ్ళు. పగలు మిగిలిన కరెంటు లైనులోకి పోతుంది, రాత్రి లైను నుంచి మనకు వస్తుంది, మీటరు రెండింటినీ లెక్కగడుతుంది. ఊళ్ళో లైను ఆగిపోయినప్పుడు పానెళ్ళ కరెంటు తీగల్లోకి పోతూనే ఉంటే, కరెంటు లేదనుకొని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. అందుకే లైను ఆగగానే ఆ ఇన్వర్టరు కూడా తనంతట తానే ఆగిపోయేలా తయారుచేస్తారు. వరద రోజు వెలుగు కావాలంటే బ్యాటరీ ఉండాలి. లైను లేకున్నా ఇంటి మటుకు నడిపే మరో రకం ఇన్వర్టరు ఉండాలి. దానికి ఖర్చెక్కువ. ఆ ఖర్చులో పది కిలోవాట్లు రావు.

ఈ సంగతి మా పాఠకులలో పానెళ్ళు పెట్టించుకోదలచినవారు ముందే తెలుసుకోవడం మంచిది. కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం ప్రారంభించింది. ఇంటి మీద ఒక కిలోవాటుకు 30,000, రెండు కిలోవాట్లకు 60,000, మూడు లేదా అంతకు మించితే 78,000 రూపాయల రాయితీ ఇస్తున్నారు. మన ప్రాంతపు ఎండకు ఒక కిలోవాటు పానెల్ సగటున రోజుకు నాలుగు యూనిట్ల వరకు ఇస్తుంది. సొంత డాబా ఉన్న కుటుంబానికి ఇది లాభసాటి వ్యవహారమే. కాని కరెంటు పోయినప్పుడు కూడా ఫ్యాను తిరుగుతుందన్న ఆశతో పెట్టించుకుంటే నిరాశ తప్పదు.

హాఫిజ్ రెండవ కొలత వుజూఖానాలో జరిగింది. అస్ర్ వేళ ఒక విద్యార్థి కూర్చున్న చోట కాలువకు అడ్డంగా బకెట్ పెట్టాడు. ఆ పిల్లవాడికి విషయం చెప్పలేదు. వాడు కొళాయి విప్పి, చేతిగడియారం తీసి, పక్కవాడితో రెండు మాటలాడి, నియ్యత్ చేసుకొని వుజూ ముగించేసరికి బకెట్‌లో ఏడు లీటర్లు చేరాయి. తరువాత ఒక ఉపాధ్యాయుడు కూర్చున్నారు. ఆ లెక్క ఎనిమిది దాటింది. ఆ ఉపాధ్యాయుడు ఎవరో చెప్పకపోతే నిజాయితీ కాదు: మేమే. పారే నది ఒడ్డున కూర్చున్నా నీటిని వృథా చేయరాదన్న భావం గల ఒక హదీసును ప్రసంగాలలో తరచుగా వింటాము. దాని సనద్ విషయంలో విద్వాంసులకు అభ్యంతరాలున్నాయి. మేమూ ఆ అభ్యంతరాలను తరగతిలో చెబుతాము. సనద్‌లోని లోపం తెలిసిన మాకు, కొళాయి దగ్గరి లోపం ఎనిమిది లీటర్ల బకెట్ చూసేవరకు తెలియలేదు.

అయినా హాఫిజ్ మాకు అనుకూలంగానూ ఒక మాట చెప్పాడు. కరెంటు లెక్కలో వుజూ నీరు పెద్ద దోషి కాదట. రోజుకు రెండు వేల లీటర్లు బోరు నుంచి ట్యాంకుకు ఎక్కించడానికి ఒక యూనిట్ లోపే సరిపోతుంది. ట్యాంకు నిండిన తరువాత కూడా మోటారు ఆపడం మరచి, పై గొట్టం నుంచి వీధిలోకి గంటో గంటన్నరో నీరు పోయించడమే దానికి రెట్టింపు. అసలు దోషులు మా నెత్తిమీదే తిరుగుతున్నాయి. మద్రసాలో ముప్పై ఎనిమిది పాత ఫ్యాన్లున్నాయి. ఒక్కొక్కటి 75 వాట్లు. విజయవాడ ఎండల సంగతి పాఠకులకు చెప్పనక్కరలేదు. వేసవిలో ఇవి రోజుకు పద్నాలుగు గంటలు ఆగవు. కాగితం మీద గుణిస్తే రోజుకు నలభై యూనిట్లు తేలింది. హాజీ సాహెబ్ ఇస్తానన్న పది కిలోవాట్ల పానెళ్ళు మంచి ఎండరోజున ఇచ్చేది కూడా నలభై యూనిట్లే. అంటే ఆ దానమంతా మా పాత ఫ్యాన్లు తాగేస్తాయి.

కొన్ని గదుల్లో నల్లటి పెట్టెల్లాంటి పాత రెగ్యులేటర్లు కూడా ఉన్నాయి. ఫ్యాను నెమ్మదిగా తిప్పితే కరెంటు మిగులుతుందని మేము పిల్లలను మందలించేవాళ్ళం. హాఫిజ్ ఒక పెట్టె మీద మా చేయి పెట్టించాడు. వెచ్చగా ఉంది. తగ్గించిన వేగం తాలూకు కరెంటు చాలా వరకు ఆ పెట్టెలోనే వేడిగా మారిపోతుందట. ఇప్పుడు దొరికే బిఎల్‌డిసి ఫ్యాను అదే గాలికి 30 వాట్లు తీసుకుంటుంది. ముప్పై ఎనిమిదీ మారిస్తే రోజుకు దాదాపు ఇరవై నాలుగు యూనిట్లు మిగులుతాయి. ఆరు కిలోవాట్ల పానెళ్ళు పెట్టినంత ఫలితం. ఖర్చు ఆ పానెళ్ళ ఖర్చులో మూడో వంతు.

ఆ లెక్క మాకు నచ్చింది. హాజీ సాహెబ్‌కు ఎలా చెప్పాలన్నదే కష్టమైంది. పానెళ్ళు డాబా మీద మెరుస్తాయి. దారిన పోయేవారు తలెత్తి చూస్తారు. ఫ్యాను మార్చామంటే ఎవరు చూస్తారు? ఫలకం దేనికి తగిలిస్తాము? ఆయన సంకల్పాన్ని మేము శంకించలేదు. కాని మా సంకల్పాన్నే శంకించుకోవలసి వచ్చింది. పది కిలోవాట్లు అనగానే మాకు పిల్లల సౌఖ్యంకంటే ముందు పక్క పేట మద్రసా గుర్తుకొచ్చిన మాట వాస్తవం.

ఈ మధ్యలో ఒక గురువారం, సెలవు పూట, ఇబ్రహీంపట్నం వైపు వెళ్ళవలసి వచ్చింది. మా విద్యార్థి ఒకడి తండ్రికి ఆరోగ్యం బాగాలేదు, పరామర్శకు వెళ్ళాము. ఆయన బూడిద ఇటుకల బట్టీలో పని చేస్తాడు. బట్టీ అని అలవాటుగా అంటున్నాము గాని అక్కడ మంట లేదు. థర్మల్ కేంద్రపు బూడిద, సున్నం, జిప్సం కలిపి అచ్చులో నొక్కి, కొన్నాళ్ళు నీళ్ళు చల్లి ఆరబెడతారు. ఎర్ర ఇటుకకు పొలం మట్టి కావాలి, కాల్చడానికి కట్టెలో బొగ్గో కావాలి. దీనికి రెండూ అక్కరలేదు. ఈ మిశ్రమాన్ని ఫాల్-జి అనే పేరుతో రూపొందించినవారు మన తెలుగువారే: విశాఖపట్నానికి చెందిన భానుమతీదాస్, కాళిదాస్ దంపతులు. చిన్న చిన్న ఇటుకల కర్మాగారాలు ఈ పద్ధతిలో తగ్గించిన కాలుష్యానికి లెక్కగట్టి, ప్రపంచ బ్యాంకు నిర్వహించే కార్బన్ నిధి ఒకటి డబ్బు చెల్లించే ఏర్పాటు కూడా జరిగింది. పేద దేశాల ఇంజనీరింగ్ అంటే విదేశాల నుంచి దిగే యంత్రమే అనుకునేవారికి ఈ ఇటుక చూపించాలి.

ఆ ఇంటి గోడలూ ఆ ఇటుకలతోనే కట్టారు. టీ తాగుతూ ఉండగా విద్యార్థి ఒక గిన్నెలో బూడిద తెచ్చి చూపించాడు. పిండికంటే మెత్తగా, సిమెంటు రంగులో ఉంది. "హజ్రత్, దీనితో తయమ్ముమ్ అవుతుందా?" అన్నాడు. వరద నాటి ప్రశ్న పిల్లలందరిలో ఇంకా తిరుగుతున్నట్టుంది. కట్టె బూడిదతో చెల్లదని మన ఫిఖ్హ్ గ్రంథాలలో ఉంది. కాల్చిన రాతి బూడిదకు మినహాయింపు ఉంది. ఇక బొగ్గు రాయా, కట్టెనా? భూమిలోనుంచి తవ్వుతారు గనుక రాయి. కోట్ల ఏళ్ళ కిందట అడవిగా ఉండేది గనుక కట్టె. ఆ గదిలో మేము ఫత్వా ఇవ్వలేదు. నీరు అందుబాటులో ఉందిగా నాయనా అని తప్పించుకున్నాము.

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ నుంచి పొగగొట్టాలు చాలాసేపు కనిపించాయి. నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం అది. జనం నోట విటిపిఎస్. 1979లో 210 మెగావాట్ల యూనిట్‌తో మొదలైంది. అలాంటివి ఆరు అయ్యాయి. 2009లో 500 మెగావాట్లది, 2023లో 800 మెగావాట్లది చేరాయి. బొగ్గు ఒడిశాలోని తాల్చేరు నుంచి, సింగరేణి నుంచి రైళ్ళలో వస్తుంది. నీరు మన కృష్ణదే. ఒక యూనిట్ కరెంటుకు రమారమి 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. మన దేశపు బొగ్గులో సామాన్యంగా మూడో వంతుకు పైగా బూడిదే. పొగతోపాటు అది గాలిలో కలవకుండా, పొగ దారిలో విద్యుత్ పలకలు అమర్చి, రేణువులకు విద్యుదావేశం కలిగించి, పలకలకు అంటుకునేలా చేసి పట్టుకుంటారు. పట్టిన బూడిదలో కొంత సిమెంటుకూ ఇటుకలకూ రోడ్లకూ పోతుంది. మిగిలినది నీటిలో కలిపి గొట్టాల ద్వారా బూడిద చెరువులకు పంపుతారు. దేశంలో ఎక్కడైనా సరే, ఆ చెరువు తడి ఆరితే గాలికి బూడిద లేస్తుంది. దానిని పూర్తిగా వినియోగంలోకి తేవాలని కేంద్ర పర్యావరణ శాఖ 1999లో తొలి ఉత్తర్వు ఇచ్చింది. 2021 డిసెంబరు 31న మరింత కఠినంగా మళ్ళీ ఇచ్చింది. ఇరవై ఏళ్ళ తరువాత కూడా మళ్ళీ ఇవ్వవలసి వచ్చిందంటే ఆ గుట్టలు ఎంత పేరుకున్నాయో ఊహించవచ్చు.

బస్సులోనే మేము వేళ్ళ మీద లెక్క వేశాము. మా పాత ఫ్యాన్లు అదనంగా తాగుతున్న ఇరవై నాలుగు యూనిట్లకు దాదాపు పదిహేడు కిలోల బొగ్గు. దానినుంచి ఆరు కిలోల బూడిద. వేసవిలో ప్రతిరోజూ ఒక గంపెడు బూడిద. మా తీగ ఏ కేంద్రం కరెంటు మోసుకొస్తుందో విడదీసి చెప్పలేము. అన్నీ ఒకే ప్రవాహంలో కలుస్తాయి. కాని మా గంపెడు బూడిద ఎక్కడో ఒక ఊరి పక్కన ప్రతిరోజూ దిగుతూనే ఉంది. మేము చూడని ఊరు గనుక, ఆ గంపను మేమే పంపుతున్నామని ఇన్నేళ్ళూ తెలియలేదు. పొరుగువాడి హక్కు గురించి ప్రసంగించేటప్పుడు నలభై ఇళ్ళ వరకు పొరుగేనన్న మాట చెబుతుంటాము. కరెంటు తీగ పొడవున ఎన్ని ఇళ్ళు పొరుగవుతాయో మాకు ఏ ఉస్తాదూ చెప్పలేదు.

మేము పుట్టింది బందరులో. మా చిన్నతనంలో మస్జిద్‌లో హౌజు ఉండేది. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు ఉంటే ఆ నీటికి పారే నీటి విధి వర్తిస్తుందని మన పెద్దలు లెక్క ఏర్పరచారు. చుట్టూ కూర్చొని దోసిలితో తీసుకుని వుజూ చేసేవాళ్ళం. దోసిలిలో పట్టినంతే నీరు. కొళాయి వచ్చాక దోసిలి నిండినా నీరు ఆగడం లేదు. ఆ హౌజు నీటికి కూడా కరెంటు ఖర్చు లేదు. బందరు కాలువ నుంచి వచ్చిన నీరే అటు పొలాలకూ ఇటు చెరువులకూ చేరేది. 1852లో మొదలై 1855కు పూర్తయిన ఆనకట్టను కాటన్ దొర ప్రణాళికపై కెప్టెన్ ఓర్ కట్టించాడు. ఆ ఆనకట్ట పని నేటికీ మాకు అబ్బురమే. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య నదిని కొద్దిగా ఎత్తులో నిలిపి, అక్కడి నుంచి సముద్రం దాకా నేల వాలునే ఆధారం చేసుకొని కాలువలు తవ్వారు. మోటారు లేదు, నూనె లేదు. 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ కూడా ఆ వాలునే నమ్ముకుంది. అల్లాహ్ నేలకు ప్రసాదించిన వాలును చదవగలగడమే ఆ ఇంజనీర్ల విద్య.

ఇప్పుడు డెల్టాకు కూడా ఆ వాలు ఒక్కటే చాలడం లేదు. ఎగువ నుంచి కృష్ణ నీరు ఆలస్యమైనప్పుడు, పట్టిసీమ దగ్గర ఇరవై నాలుగు పంపులు గోదావరిని ఎత్తి పోలవరం కుడి కాలువలో పోస్తాయి. నిండుగా నడిస్తే 8,500 క్యూసెక్కులు. ఆ నీరు బుడమేరు మళ్ళింపు కాలువ దారిన ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలో కలుస్తుంది. నారుమళ్ళు ఎండకుండా కాపాడిన పథకమని రైతులు చెబుతారు, నిజమే. కాని తాతల నాడు వాలు మోసిన నీటిలో కొంత భాగాన్ని ఇప్పుడు కరెంటు మోస్తున్నది. ఇక 2024 సెప్టెంబరు 2న ఆ బ్యారేజీ దగ్గరే 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద నడిచింది. బ్యారేజీ చరిత్రలోనే అంత ప్రవాహం లేదు. ఒక ఏడు నీటిని ఎత్తాలి, మరో ఏడు నీటి నుంచి పారిపోవాలి. ఈ తేడాలకు బొగ్గు పొగకూ ఉన్న సంబంధం మాకంటే మా హాఫిజ్ బాగా చెబుతాడు.

హాజీ సాహెబ్‌ను పిలిచాము. బకెట్ చూపించాము, వెచ్చని రెగ్యులేటర్ మీద ఆయన చేయి పెట్టించాము, కాగితం ఇచ్చాము. ఆయన వ్యాపారి, లెక్క మాకంటే త్వరగా అర్థమైంది. అయినా కాసేపు మౌనంగా ఉండి, "మౌలానా, పానెల్ అంటే పాతికేళ్ళు ఉంటుంది. ఫ్యాను అంతకాలం ఉంటుందా? అది జారియా ఎలా అవుతుంది?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఫ్యాను పాతికేళ్ళు ఉంటుందని మేము చెప్పలేకపోయాము. అది తిరిగినంతకాలం అవసరంలేని బొగ్గు కాలదని మాత్రం చెప్పాము. పైలోకపు లెక్క మా చేతిలో లేదు. మొరాకో ప్రభుత్వం తన మస్జిద్‌లలో ఆరువందలను ఈ దారిలో మార్చ సంకల్పించినప్పుడు, పానెళ్ళతోపాటు దీపాలు మార్చే పనిని కూడా చేర్చిందని హాఫిజ్ చెప్పాడు. జకార్తాలోని ఇస్తిఖ్లాల్ మస్జిద్ డాబా మీద పానెళ్ళు, వుజూఖానాలో తక్కువ నీరు విడిచే కొళాయిలు రెండూ అమర్చారు. ఇవి విన్న తరువాత సదర్ సాహెబ్ ముఖం కొంత తేటపడింది. పెద్దవాళ్ళు చేశారంటే కమిటీకి ధైర్యం.

చివరకు ఇలా తేలింది. ముందుగా ఫ్యాన్లన్నీ మార్చారు. ట్యాంకు నిండగానే మోటారును ఆపే పరికరం బిగించారు. కొళాయిలకు కొత్త వాషర్లు వేసి, నీరు సన్నగా వచ్చేలా నోళ్ళు మార్చారు. మిగిలిన సొమ్ముతో పదికి బదులు నాలుగు కిలోవాట్ల పానెళ్ళు, వాటితోపాటు బ్యాటరీ, లైను లేకున్నా నడిచే ఇన్వర్టరు. ఆ బ్యాటరీ మీద మోటారు అరగంట, ప్రతి గదిలో ఒక దీపం, కొన్ని ఫ్యాన్లు నడుస్తాయి. ఇన్వర్టరునూ బ్యాటరీనీ కింద పెట్టవద్దని మేము పట్టుబట్టి, పై అంతస్తులో అల్మారా చేయించాము. నడుములోతు నీరు చూసినవాళ్ళం. ఫలకం గురించి హాజీ సాహెబ్ మళ్ళీ ప్రస్తావించలేదు. మేమే ఆయన తల్లిదండ్రుల పేర్లు వుజూఖానా గోడ మీద చిన్న అక్షరాలతో రాయించాము. ఆయన చూసి ఏమీ అనలేదు. నచ్చిందో లేదో ఇప్పటికీ తెలియదు.

అన్నీ సవ్యంగా సాగాయని చెప్పలేము. కొళాయి నోరు సన్నబడితే పిల్లలు ఎక్కువసేపు విప్పి ఉంచుతున్నారు. మూడు నెలల తరువాత హాఫిజ్ మళ్ళీ బకెట్ పెడితే నాలుగు లీటర్లు తేలింది. ఏడు నుంచి నాలుగు. లోటాతో చేసినది ఒకటి. మిగిలిన ఆ మూడు లీటర్లను ఏ వాషరూ పట్టుకోలేదు. శుక్రవారం పూట గోడవారగా పన్నెండు లోటాలు పెట్టించాము, ఇష్టమైనవారు వాడుకోవచ్చునని. పెద్దవాళ్ళు వాడుతున్నారు. పిల్లలకు లోటాలంటే వరద రోజులు గుర్తొస్తాయేమో, ముట్టుకోరు.

పానెళ్ళ మీద దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుందని హాఫిజ్ హెచ్చరించాడు. బోరు నీటితో కడిగితే ఉప్పు చారలు పడతాయి. వుజూ చేసిన నీరు శుద్ధమైనదే అయినా మళ్ళీ వుజూకు పనికిరాదు. దానిని కరివేపాకు చెట్ల వైపు మళ్ళించాము. పానెళ్ళకు వాన నీరే పెడుతున్నాము. పాత టార్పాలిన్లే ఇప్పుడూ పనికొస్తున్నాయి. పదిహేను రోజులకొకసారి, ఫజ్ర్ తరువాత ఎండ ఎక్కకముందే, ఇద్దరు విద్యార్థులు వంతులవారీగా డాబా ఎక్కి తడిగుడ్డతో తుడుస్తారు. పోయిన వారం వంతు, వరదలో తయమ్ముమ్ గురించి అడిగిన పిల్లవాడిది. ఒక బకెట్ నీరు తీసుకొని ఎక్కాడు. దిగేటప్పుడు అందులో సగం మిగిలే ఉంది.